ఖుర్తుబా నగరం: నిలిచినవి, నిలవనివి

ఐరోపా ఖండానికి నైరుతి మూలన ఉన్న స్పెయిన్ దేశంలో, దక్షిణ ప్రాంతమైన అందలూసియాలో, ఒక పెద్ద నది ఒడ్డున ఖుర్తుబా నగరం ఉంది. ఐరోపావారు దీనిని కార్డోబా అంటారు. ఆ నదికి స్పానిష్ భాషలో గ్వాదల్కివీర్ అని పేరు. ఈ మాట అరబ్బీలోని ‘అల్ వాదీ అల్ కబీర్’ నుంచి పుట్టింది. పెద్ద నది అని దాని భావం. ఆ ఒడ్డున అరబ్బీ మాట్లాడే సమాజం కనుమరుగై శతాబ్దాలు గడిచాయి. నది మాత్రం ఇప్పటికీ అరబ్బీ పేరుతోనే పిలువబడుతోంది.

ఏటా లక్షలాది యాత్రికులు ఈ నగరాన్ని చూడడానికి వస్తారు. పాత వంతెన, జామె మస్జిద్, యూదుల పేటలోని ఇరుకు సందులు, నది ఒడ్డున కోట, ఊరికి కొన్ని మైళ్ళ దూరాన కొండ పాదాన ఉన్న రాజనగర శిథిలాలు - ఇవి ఇక్కడ ముఖ్యంగా చూడదగినవి. యాత్రికులకోసం అచ్చువేసిన పుస్తకాలు వీటి కొలతలూ తేదీలూ చెప్పి ఊరుకుంటాయి. ముస్లిం పాఠకుడు ఖుర్తుబా పేరు వినగానే అతని మనస్సులో రెండు భావాలు కలుగుతాయి. ఒకటి గర్వం, రెండవది దుఃఖం. రెండూ సహజమైనవే. అయితే ఈ కట్టడాలను ఒక్కొక్కటిగా పరిశీలించినపుడు మరొక ప్రశ్న ఎదురవుతుంది. వీటిలో ఏవి నిలిచాయి? ఏవి నశించాయి? నశించినవి ఎవరి చేతుల్లో నశించాయి? ఈ ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానం గర్వానికీ దుఃఖానికీ కూడా హద్దులు గీస్తుంది.

వంతెన

ఖుర్తుబా ముస్లింలు స్థాపించిన నగరం కాదు. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దంలోనే రోమన్లు దీనిని నిర్మించారు. రోమన్ తత్త్వవేత్త సెనెకా ఇక్కడే జన్మించాడు. రోమన్ల తరువాత విసిగోతులు పాలించారు. క్రీ.శ. 711లో తారిఖ్ బిన్ జియాద్ సేనలు స్పెయిన్‌లో అడుగుపెట్టిన సంవత్సరమే ముగీస్ అనే సేనాని ఖుర్తుబాను జయించాడు. కొద్ది ఏండ్లకే ఇది అందలుస్‌కు రాజధాని అయింది.

ముస్లింలు వచ్చేనాటికి నదిపై రోమన్లు కట్టిన వంతెన కూలిపోయి ఉంది. ఆనాటి రాష్ట్రపాలకుడు సమ్హ్ బిన్ మాలిక్ ఖౌలానీ ఈ విషయం దమిష్క్‌లోని ఖలీఫాకు వ్రాశాడు. అప్పటి ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై). నగర ప్రాకారం కూడా శిథిలమై ఉంది. రెంటినీ రాతితో బాగుచేయడానికి వీలులేదు. ప్రాకారపు రాళ్ళను వంతెనకు వాడి, ప్రాకారాన్ని ఇటుకతో సరిచేయవలసిందిగా ఖలీఫా ఆదేశించినట్లు అరబ్బు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఇది హిజ్రీ 101 ప్రాంతపు మాట. కొత్తగా జయించిన దేశంలో పాలకుడు కోటగోడ రాళ్ళను తీసి ప్రజలు నదిని దాటే దారికి వాడించాడన్న సంగతి గమనించదగినది.

ఈ వంతెన తరువాతి కాలంలో ఎన్నోసార్లు మరమ్మతు చేయబడింది. నేడు కనిపించే రాళ్ళలో అధిక భాగం తరువాతి శతాబ్దాలవే. అయినా 16 కమానుల ఆ వంతెన అదే స్థలంలో ఉంది. 1953లో మరొక వంతెన తెరిచేవరకు ఖుర్తుబాలో నదిని దాటడానికి ఇదొక్కటే మార్గం. 2004 నుంచి దీనిపై వాహనాలను ఆపివేసి, కాలినడకన వెళ్ళేవారికే కేటాయించారు. వంతెన దక్షిణపు కొసన ముస్లింల కాలంలో పునాది పడి, 14వ శతాబ్దంలో కాస్తీలియా రాజులు పెంచిన కాపుబురుజు ఉంది. దాని పేరు కలహోర్రా. సాయంత్రం వేళ అక్కడ నిలబడి ఉత్తరానికి చూస్తే వంతెన కమానులు, ఆపైన జామె మస్జిద్ గోడలు, వెనుక కొండల వరుస ఒకే చూపులో కనిపిస్తాయి.

జామె మస్జిద్

క్రీ.శ. 750లో అబ్బాసీలు అధికారంలోకి వచ్చి అమవీ వంశస్థులను వెతికి వెతికి చంపించారు. వారిలో తప్పించుకున్న అబ్దుర్రహ్మాన్ అనే యువకుడు ఉత్తర ఆఫ్రికా గుండా పారిపోయి 755లో స్పెయిన్ చేరాడు. మరుసటి ఏడే ఖుర్తుబాలో అమీర్ అయ్యాడు. చరిత్రలో అతన్ని అద్దాఖిల్, అనగా ప్రవేశించినవాడు అంటారు. అతడు తన జీవితపు చివరి దశలో, 785 ప్రాంతంలో, జామె మస్జిద్‌కు పునాది వేశాడు. ఆ స్థలంలో క్రైస్తవుల ప్రార్థనాలయం ఉండేదనీ, దానిని వారినుంచి వెల ఇచ్చి కొని, ఇతరచోట్ల చర్చీలు కట్టుకొనడానికి వారికి అనుమతి ఇచ్చాడనీ సంప్రదాయ కథనం.

మస్జిద్ లోపలికి అడుగుపెట్టిన యాత్రికునికి మొదట కనిపించేది స్తంభాల అడవి. నేడు మిగిలి ఉన్నవే 856 స్తంభాలు. వీటిలో మొదటి కట్టడానికి వాడినవి రోమన్, విసిగోతు కట్టడాలనుంచి తెచ్చినవి. అందుచేత వాటి రంగులూ తలలూ ఒకదానితో ఒకటి కలియవు. అవి పొట్టివి కూడా. అంత విశాలమైన ప్రార్థనాశాలకు అంత తక్కువ ఎత్తున కప్పు వేస్తే లోపల గాలీ వెలుతురూ ఉండవు. ఈ చిక్కును శిల్పులు ఒక చక్కని ఉపాయంతో పరిష్కరించారు. స్తంభంమీద గుర్రపు లాడం ఆకారంలో ఒక కమాను కట్టి, దానిపై మరికొంత ఎత్తున రెండవ కమానును నిలిపారు. క్రింది కమాను స్తంభాలను పట్టి ఉంచుతుంది. పై కమాను కప్పును మోస్తుంది. ఎర్రని ఇటుక, తెల్లని రాయి ఒకదాని తరువాత ఒకటిగా పేర్చడంవలన కమానులకు ఆ ప్రసిద్ధమైన చారలు వచ్చాయి. మెరీదా పట్టణంలో రోమన్లు కట్టిన నీటి కాలువ వంతెనను చూసి ఈ ఊహ వచ్చిందని పండితులు భావిస్తున్నారు. ఆ విధంగా రోమన్ల స్తంభాలు, రోమన్ల పద్ధతి అరబ్బుల చేతిలో పూర్వం ఎక్కడా లేని కొత్త రూపం ధరించాయి.

నగర జనాభా పెరిగినకొద్దీ మస్జిద్ పెరిగింది. రెండవ అబ్దుర్రహ్మాన్ 9వ శతాబ్దంలో దీనిని నదివైపుకు పొడిగించాడు. 929లో ఖలీఫాగా ప్రకటించుకొన్న మూడవ అబ్దుర్రహ్మాన్ పెద్ద మీనార్ కట్టించాడు. అతని కుమారుడు రెండవ హకమ్ 962లో మొదలుపెట్టి కట్టించిన భాగం కళ దృష్ట్యా అన్నిటికంటె గొప్పది. మిహ్రాబ్ ఇందులోనే ఉంది. దాని చుట్టూ బంగారు, నీలం, ఆకుపచ్చ గాజుపలుకులతో పొదిగిన లతలు, కూఫీ లిపిలో దివ్య ఖుర్ఆన్ వాక్యాలు ఉన్నాయి. ఈ పొదుగుపనికోసం కుస్తున్తునియా చక్రవర్తి ఒక నిపుణుణ్ణీ, 320 క్వింటార్ల గాజుపలుకులనూ పంపాడని చరిత్రకారుడు ఇబ్న్ ఇజారీ వ్రాశాడు. ఆ నిపుణుని వద్ద స్థానిక పనివారు ఆ విద్య నేర్చుకొని, కొద్దికాలానికే అతన్ని మించిపోయారని కూడా అతడే చెప్పాడు. క్రైస్తవ చక్రవర్తి పంపిన సామగ్రితో ముస్లిం ఖలీఫా మిహ్రాబ్ అలంకరించబడడంలో ఆనాటివారికి వింత ఏమీ కనిపించలేదు.

చివరి విస్తరణ 987లో జరిగింది. చేయించినవాడు ఖలీఫా కాదు, అతని మంత్రి మన్సూర్ బిన్ అబీ ఆమిర్. బాలుడైన ఖలీఫా హిషామ్‌ను రాజభవనంలో ఉంచి, అధికారమంతా తన చేతిలోకి తీసుకున్న ఈ మంత్రి మస్జిద్‌కు తూర్పువైపున ఎనిమిది వరుసలు చేర్చాడు. విస్తీర్ణం చాలా పెరిగింది. కాని మిహ్రాబ్ మధ్యస్థానం తప్పి ఒక ప్రక్కకు పడిపోయింది. ఈ భాగపు కమానులను దగ్గరగా చూస్తే మరొక తేడా తెలుస్తుంది. పాత భాగంలో ఎర్రచారలు నిజమైన ఇటుకలు. ఇక్కడ రాతికే ఎర్రరంగు పూసి చారలుగా చూపారు. రాజ్యం బయటికి అత్యంత బలంగా కనిపించిన రోజులవి. చారలలో తగ్గిన ఆ చిత్తశుద్ధి త్వరలో రాజ్యంలో కూడా కనిపించింది.

మస్జిద్ చర్చిగా మారిన తీరు

997లో మన్సూర్ స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న శాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రంపై దండెత్తాడు. అక్కడి చర్చి గంటలను క్రైస్తవ ఖైదీల భుజాలపై ఖుర్తుబాకు మోయించి, వాటిని మస్జిద్‌లో దీపాలుగా వేలాడదీయించాడు. 1236 జూన్ 29న కాస్తీలియా రాజు మూడవ ఫెర్నాందో ఖుర్తుబాను జయించాడు. అవే గంటలను ముస్లిం ఖైదీల భుజాలపై తిరిగి శాంతియాగోకు మోయించాడు. మధ్య గడిచిన కాలం 239 సంవత్సరాలు. మొదటి ఊరేగింపును వీరగాథగా చెప్పుకొని, రెండవదాన్ని మాత్రం అవమానంగా తలచడం న్యాయం కాదు. భుజాలు మారాయి, బరువు ఒక్కటే.

జయించిన రోజునే మస్జిద్ చర్చిగా ప్రకటించబడింది. అయితే దానిని కూల్చలేదు. దాదాపు మూడు శతాబ్దాలపాటు లోపల చిన్న చిన్న మార్పులతోనే సరిపెట్టారు. 1523లో బిషప్ మన్రికే మస్జిద్ నడుమ ఉన్న స్తంభాలను తొలగించి అక్కడ పెద్ద చర్చి కట్టాలని నిర్ణయించాడు. అప్పుడు అడ్డుపడినది ముస్లింలు కాదు. ఖుర్తుబా నగర మండలిలోని క్రైస్తవ పెద్దలే అడ్డుపడ్డారు. ఈ కట్టడాన్ని పడగొట్టే పనిలో చేయిపెట్టిన కూలీలకు మరణశిక్ష తప్పదని వారు చాటింపు వేయించారు. తగవు చక్రవర్తి ఐదవ చార్లెస్ వద్దకు వెళ్ళింది. అతడు బిషప్ పక్షాన తీర్పు చెప్పాడు. తరువాత స్వయంగా వచ్చి చూసినపుడు, ఎక్కడైనా కట్టగలిగినదానికోసం లోకంలో మరెక్కడా లేనిదాన్ని పాడుచేశారని విచారించినట్లు ఒక కథ ప్రచారంలో ఉంది. అతడు ఆ మాట అన్నా అనకపోయినా, నగర పెద్దలు చేసిన ప్రతిఘటన మాత్రం చరిత్రకెక్కిన వాస్తవం.

ఈ నిర్మాణం పూర్తికావడానికి 17వ శతాబ్దం వచ్చింది. నేడు కమానుల నీడలో నడిచే యాత్రికుడు అకస్మాత్తుగా తెల్లని ఎత్తయిన చర్చి గోడల మధ్యకు వస్తాడు. మూడవ అబ్దుర్రహ్మాన్ కట్టించిన మీనార్ కూడా పూర్తిగా పోలేదు. దాని చుట్టూ రాతిగోడ కప్పి, గంటల గోపురంగా మార్చారు. అంటే గోపురపు కడుపులో మీనార్ ఇంకా ఉంది. ఒకనాడు నమాజీలు వుజూ చేసిన ఆవరణలో ఇప్పుడు నారింజ చెట్లు వరుసలుగా ఉన్నాయి.

1984లో ఐక్యరాజ్యసమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ (యునెస్కో) ఈ కట్టడాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 1994లో చుట్టూ ఉన్న పాతనగరాన్ని కూడా అందులో చేర్చింది. ఇది నేటికీ కాథలిక్కుల చర్చియే. ఇక్కడ ముస్లింలు కూడా నమాజు చేసుకొనడానికి అనుమతించాలని స్పెయిన్ ముస్లింల సంస్థ ఒకటి 2006లో కోరగా, ఖుర్తుబా బిషప్ నిరాకరించాడు. ఆ చర్చ అప్పటినుంచి సాగుతూనే ఉంది. అయితే ఒక్క విషయం ఒప్పుకొనక తప్పదు. ప్రార్థన జరిగే చోటుగా ఉండబట్టే ఈ కట్టడం నిలిచింది. కప్పు కారినపుడు బాగుచేసేవారు, గోడ పగిలినపుడు పూడ్చేవారు దీనికి ఎల్లప్పుడూ ఉన్నారు. ఆ అదృష్టం ఖుర్తుబాలో మరొక కట్టడానికి దక్కలేదు.

మదీనతుజ్జహ్రా

నగరానికి పడమర సుమారు 8 కిలోమీటర్ల దూరంలో, కొండ వాలున, మూడవ అబ్దుర్రహ్మాన్ 936లో ఒక కొత్త రాజనగరం నిర్మించ తలపెట్టాడు. అదే మదీనతుజ్జహ్రా. కొండను మూడు మెట్లుగా చెక్కించి పై మెట్టుమీద రాజభవనం, మధ్య మెట్టుమీద తోటలు, దర్బారు, క్రింది మెట్టుమీద మస్జిద్, నివాసాలు ఏర్పరచారు. ప్రాకారం లోపలి విస్తీర్ణం సుమారు 275 ఎకరాలు. దర్బారు మందిరంలో గోడలనిండా రాతిలో చెక్కిన ఆకులూ కొమ్మలూ ఉన్నాయి. పాదరసం నింపిన తొట్టి ఒకటి ఉండేదనీ, దానిని కదిలిస్తే గది అంతా మెరుపులు మెరిసేవనీ అరబ్బు రచయితలు వర్ణించారు. విదేశీ రాయబారులను అబ్బురపరచడమే ఈ ఆడంబర పరమార్థం.

ఈ ఆడంబరాన్ని అందరూ మెచ్చలేదు. ఆ కాలపు ప్రధాన ఖాజీ ముంజిర్ బిన్ సయీద్ బల్లూతీ. నిర్మాణపు పనిలో మునిగి ఖలీఫా వరుసగా మూడు జుమాలకు మస్జిద్‌కు రాలేదని చెబుతారు. నాలుగవ జుమా నాడు ఖలీఫా ఎదుట కూర్చుని ఉండగా ఖాజీ ఖుత్బాలో, ఎత్తయిన ప్రదేశాలలో వృథాగా కట్టడాలు కట్టిన ఆద్ జాతిని హెచ్చరించే సూరయే షుఅరాలోని వాక్యాలను పఠించాడు. తనను ఉద్దేశించే ఆ మాటలన్నాడని ఖలీఫాకు అర్థమయింది. అతడు కన్నీరు పెట్టుకొన్నాడు, కోపగించుకొన్నాడు కూడా. ఇక ఆ ఖాజీ వెనుక జుమా నమాజు చేయనని ఒట్టు పెట్టుకొన్నాడు. అటువంటపుడు అతన్ని తొలగించవచ్చు గదా అని కుమారుడు అడిగితే మాత్రం ఒప్పుకొనలేదు. అంతటి సత్యవాదిని తొలగించి దేవుని ఎదుట ఏమని సమాధానం చెప్పగలనన్నాడు. మరొకసారి భవనపు గుమ్మటానికి వెండి, బంగారు పెంకులు వేయించినపుడు ఖాజీ సూరయే జుఖ్రుఫ్‌ను గుర్తుచేయగా ఖలీఫా ఆ కప్పును తీయించివేశాడని గ్రంథాలు చెబుతున్నాయి. ఖాజీ నిర్భయంగా మాట్లాడగలగడం, పాలకుడు నొచ్చుకొని కూడా అతన్ని పదవిలో ఉంచడం - ఖుర్తుబా నిజమైన వైభవం ఇది. ఇది ఏ శిథిలంలోనూ కనిపించదు.

మన్సూర్ కాలంలో ఈ సమతూకం చెడింది. అతడు తనకోసం మరొక రాజనగరం కట్టించుకొన్నాడు. తన అధికారాన్ని నిలుపుకొనడానికి బెర్బర్ సేనలను పెద్ద సంఖ్యలో తెప్పించి, స్థానికులను పక్కకు నెట్టాడు. 1002లో అతడు మరణించాడు. అతని చిన్న కుమారుడు ఖలీఫా పదవికే వారసుడిగా ప్రకటించుకొనగా 1009లో ఖుర్తుబా ప్రజలు తిరుగుబాటు చేశారు. మన్సూర్ నగరాన్ని దోచి నేలమట్టం చేశారు. అమవీ రాకుమారులు ఒకరిపై ఒకరు కత్తి దూశారు. 1010లో బెర్బర్ సేనలు మదీనతుజ్జహ్రాను కొల్లగొట్టి తగులబెట్టాయి. 1013లో ఖుర్తుబా నగరమే దోపిడికి గురయింది. 1031లో ఖిలాఫత్ రద్దయింది. ఈ అంతఃకలహాన్ని అరబ్బీలో ‘ఫిత్న’ అన్నారు.

ఇక్కడ తేదీలను జాగ్రత్తగా గమనించాలి. మదీనతుజ్జహ్రా కూలినది 1010లో. క్రైస్తవ రాజు ఖుర్తుబాలో ప్రవేశించినది 1236లో. అంటే అతడు రావడానికి రెండు శతాబ్దాలకు పైగా ముందే ఆ నగరం ముస్లింల చేతిలోనే నాశనమయింది. కట్టడం మొదలైన 74 ఏండ్లకే దాని కథ ముగిసింది. తరువాతి కాలంలో దాని రాళ్ళు ఎవరికి కావలసినవి వారు తీసుకుపోయారు. 15వ శతాబ్దంలో ప్రక్కనే కట్టిన క్రైస్తవ మఠానికి కూడా అవే ఉపయోగపడ్డాయి. చివరికి ఆ స్థలం పేరు కూడా మరచిపోయి ‘పాత కార్డోబా’ అన్నారు. 1911లో తవ్వకాలు మొదలయ్యాయి. ఇంతవరకు వెలికివచ్చినది పదింట ఒక వంతు మాత్రమే. ముక్కలైన చెక్కడాలను ఏరి, ఒకదాని ప్రక్కన ఒకటి అమర్చి, దర్బారు మందిరాన్ని పునర్నిర్మిస్తున్నారు. 2009లో ప్రక్కనే వస్తుప్రదర్శనశాల ప్రారంభమయింది. 2018లో ఇది కూడా ప్రపంచ వారసత్వ సంపద జాబితాకెక్కింది.

కనిపించని గ్రంథాలయం

ఖుర్తుబాలో యాత్రికునికి చూపించడానికి ఏమీ మిగలని స్థలం ఒకటి ఉంది. అది రెండవ హకమ్ గ్రంథాలయం. హకమ్ స్వయంగా విద్వాంసుడు. ఖాహిరా, బగ్దాద్, దమిష్క్ నగరాలలో అతని మనుషులు పుస్తకాలు కొంటూ ఉండేవారు. బగ్దాద్‌లో అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ ‘కితాబుల్ అగానీ’ వ్రాస్తున్నాడని విని, 1000 దీనారాలు పంపి మొదటి ప్రతుల్లో ఒకదాన్ని తెప్పించుకొన్నాడని ప్రతీతి. అతని గ్రంథాలయంలో లుబ్నా అనే విదుషీమణి లేఖకురాలిగా, గణితంలో నిపుణురాలిగా పేరు పొందింది. గ్రంథాల సంఖ్య 4 లక్షలు అని పాత పుస్తకాలు చెబుతాయి. ఇది అతిశయోక్తి కావచ్చునని నేటి చరిత్రకారులు భావిస్తున్నారు. గ్రంథాల పట్టికే 44 సంపుటాలు ఉండేదని ఖుర్తుబా వాసి ఇమామ్ ఇబ్న్ హజ్మ్ నమోదు చేశాడు. సంఖ్యను ఎంత తగ్గించినా అది ఆనాటి ఐరోపాలో సాటిలేని గ్రంథాలయమే.

దానికి మొదటి దెబ్బ ఎవరు కొట్టారు? మన్సూర్ కొట్టాడు. అధికారాన్ని అన్యాయంగా చేజిక్కించుకొన్నాడన్న అపవాదు తొలగించుకొనడానికి, కొందరు ధర్మవేత్తల మెప్పుకోసం, అతడు ప్రాచీన శాస్త్రాల గ్రంథాలను, ముఖ్యంగా తర్కశాస్త్రం, ఖగోళశాస్త్రం మొదలైనవాటిని, ఏరి బయటికి తీయించాడు. కొన్నిటిని తగులబెట్టించాడు. మరికొన్నిటిని రాజభవనపు బావుల్లో వేసి పైన మట్టీ రాళ్ళూ పోయించాడు. ఈ సంగతి చెప్పినవాడు పరాయి చరిత్రకారుడు కాదు. 11వ శతాబ్దపు తులైతులా (టొలీడో) ఖాజీ సాయిద్ అందలుసీ. మిగిలిన గ్రంథాలలో కొన్ని ఫిత్న కాలంలో సైన్యానికి జీతాలివ్వడంకోసం అమ్ముడుపోయాయి. మిగతావి దోపిడిలో పోయాయి. ఆ గ్రంథాలయానికి చెందినదని గుర్తించగలిగిన ఒక ప్రతి 20వ శతాబ్దంలో మొరాకో దేశపు ఫాస్ నగరంలో, ఖరవీయీన్ మస్జిద్ గ్రంథాలయంలో బయటపడింది. హిజ్రీ 359లో హకమ్ కోసం నకలు వ్రాయబడిన ఫిఖహ్ గ్రంథమది. లక్షల నుంచి ఒక్కటి!

యూదుల పేట, ఇబ్న్ రుష్ద్

మస్జిద్‌కు వాయవ్యాన సున్నం కొట్టిన తెల్లని ఇళ్ళు, ఇద్దరు ప్రక్కప్రక్కన నడవలేనంత ఇరుకు సందులు గల పేట ఉంది. ఇళ్ళు వీధికి ముఖం చాటేసి లోపలి ముంగిలివైపుకు తెరుచుకొని ఉంటాయి. తెలుగునాట మండువా లోగిలిని ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. మే మాసంలో ఈ ముంగిళ్ళను పూలకుండీలతో నింపి అందరికీ తెరిచి ఉంచుతారు. 2012లో ఈ ఉత్సవానికి కూడా యునెస్కో గుర్తింపు లభించింది.

ఈ పేటలో 1315లో కట్టిన యూదుల ప్రార్థనాలయం ఉంది. అప్పటికి నగరంలో క్రైస్తవ పాలన వచ్చి 79 ఏండ్లయింది. అయినా గోడలపై గచ్చుతో చేసిన అలంకారమంతా అందలుస్ ముస్లిం శిల్పుల బాణీయే. 1492లో యూదులు స్పెయిన్‌నుంచి బహిష్కరించబడ్డాక ఇది ఆసుపత్రిగా, తరువాత చెప్పులు కుట్టేవారి సంఘపు ప్రార్థనా మందిరంగా మారింది. ఎవరో ఒకరు వాడుకొంటూ ఉండడంవలన ఇదీ బతికింది. 19వ శతాబ్దంలో గోడపై సున్నపు పొర రాలి, క్రింద హీబ్రూ అక్షరాలు కనిపించాకే దీని అసలు చరిత్ర తెలిసింది.

సమీపంలో మూసా బిన్ మైమూన్ విగ్రహం ఉంది. యూదుల ధర్మశాస్త్రంలో మహాపండితుడైన ఇతడు ఖుర్తుబాలో పుట్టి, తన ప్రసిద్ధ తత్త్వగ్రంథాన్ని అరబ్బీలో వ్రాశాడు. మువహ్హిదీ పాలకులు ముస్లిమేతరులపై ఒత్తిడి తెచ్చినపుడు అతని కుటుంబం దేశం విడిచిపోయింది. చివరికి మిస్ర్ దేశంలో, సుల్తాన్ సలాహుద్దీన్ ప్రభుత్వ ఆశ్రయంలో, వైద్యుడుగా గౌరవం పొందాడు. ఒక ముస్లిం ప్రభుత్వం వెళ్ళగొట్టినవాణ్ణి మరొక ముస్లిం ప్రభుత్వం ఆదరించింది.

పాత ప్రాకారం ప్రక్కన ఇబ్న్ రుష్ద్ విగ్రహాన్ని 1967లో ప్రతిష్ఠించారు. ఇతడు 1126లో ఇక్కడ ఖాజీల కుటుంబంలో జన్మించి, తానూ ఖాజీ అయ్యాడు. ఫిఖహ్‌లో ఇతని ‘బిదాయతుల్ ముజ్తహిద్’ నేటికీ మద్రసాలలో చదువబడుతోంది. వైద్యంలో ‘కుల్లియాత్’ వ్రాశాడు. గ్రీకు తత్త్వవేత్త అరిస్తూ గ్రంథాలకు వ్రాసిన వ్యాఖ్యలవలన ఐరోపా విద్యాపీఠాలలో ఇతనికి ‘వ్యాఖ్యాత’ అన్న పేరే స్థిరపడింది. 1195లో సుల్తాన్ అబూ యూసుఫ్ యాఖూబ్, విరోధుల ఒత్తిడికి లోబడి, ఇతన్ని ఖుర్తుబా దాపున ఉన్న చిన్న ఊరికి బహిష్కరించి, తత్త్వశాస్త్ర గ్రంథాలను తగులబెట్టించాడు. తరువాత మనస్సు మార్చుకొని పిలిపించుకొన్నాడు గాని, 1198లో మరాకష్‌లో ఇబ్న్ రుష్ద్ మరణించాడు. భౌతికకాయాన్ని ఖుర్తుబాకు తరలించినపుడు షేఖ్ ఇబ్న్ అరబీ అక్కడ ఉన్నాడు. జంతువుపై ఒకవైపు శవపేటిక, దానికి సరితూగడానికి రెండవవైపు ఆయన రచించిన గ్రంథాలు కట్టిన దృశ్యాన్ని అతడు తన గ్రంథంలో నమోదు చేశాడు.

ఆ గ్రంథాల గతి ఏమయింది? యూదులు హీబ్రూలోకి, క్రైస్తవులు లాటిన్‌లోకి అనువదించుకొన్నారు. కొన్నిటికి అరబ్బీ మూలం పూర్తిగా నశించి, నేడు ఆ అనువాదాలే దిక్కయ్యాయి. మదీనతుజ్జహ్రాకు చెందిన శస్త్రవైద్యుడు జహ్రావీ గ్రంథం ‘తస్రీఫ్’ కూడా 12వ శతాబ్దంలో లాటిన్ రూపం పొంది ఐరోపా వైద్యులకు శతాబ్దాలపాటు పాఠ్యగ్రంథమయింది. ఖలీఫా భవనంలో తాళంవేసి దాచిన లక్షల గ్రంథాలు పోయాయి. చేతులు మారుతూ, భాషలు మారుతూ తిరిగిన గ్రంథాలు మిగిలాయి.

కోట

నది ఒడ్డున ఉన్న కోటను 1328లో కాస్తీలియా రాజు పదకొండవ అల్ఫోన్సో కట్టించాడు. ఫెర్నాందో, ఇసబెల్లా దంపతులు గర్నాతాపై యుద్ధం సాగించినది ఇక్కడినుంచే. 1486లో కొలంబస్ తన సముద్రయాన ప్రతిపాదనతో వారిని కలుసుకొన్నదీ ఇక్కడే. తరువాత మూడు శతాబ్దాలకు పైగా ఇది మతవిచారణ న్యాయస్థానానికి నిలయమై, అన్యమత విశ్వాసం దాచుకొన్నారన్న అనుమానంపై ఎందరినో హింసించిన చోటయింది. నేడు చక్కని తోటలు, నీటి చిమ్మెనలు ఉండడంచేత చాలామంది ఆ చరిత్ర ఎరుగకనే తిరిగిపోతారు.

ముగింపు

1933 జనవరిలో, లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశం ముగిశాక, అల్లామా ఇఖ్బాల్ స్పెయిన్ వెళ్ళి ఖుర్తుబా మస్జిద్‌ను దర్శించారు. అక్కడ నమాజు చేశారు. ‘మస్జిదె ఖుర్తుబా’ అన్న ఆయన కవిత 1935లో ‘బాలె జిబ్రీల్’ సంపుటిలో వెలువడింది. భారత ఉపఖండపు ముస్లింలకు ఖుర్తుబా పేరు ఇంత పరిచయం కావడానికి ఆ కవితే ప్రధాన కారణం. ఖుర్తుబాతో తెలుగునేలకు మరొక బంధం కూడా ఉంది. అది అంతగా ప్రచారంలో లేదు. హైదరాబాదులో 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ అరుదైన అరబ్బీ వ్రాతప్రతులను వెదకి, పరిష్కరించి, అచ్చువేస్తూ వచ్చింది. 1947లో ఆ సంస్థ ‘రసాయిల్ ఇబ్న్ రుష్ద్’ను ప్రచురించింది. ఖుర్తుబా ఖాజీ గ్రంథాలు తగులబడిన 752 సంవత్సరాలకు మూసీ నది ఒడ్డునున్న నగరంలో అవి అచ్చు అక్షరాలు దాల్చాయి.

కవిత మస్జిద్ వైభవాన్ని స్మరించింది. ఆ ప్రచురణ ఖుర్తుబా విద్యను మరొక తరం చేతికి అందించింది. రెండూ అవసరమే గాని, నగర చరిత్ర నేర్పే పాఠం రెండవదానివైపే మొగ్గు చూపుతుంది. ప్రజలు నడిచే వంతెన నిలిచింది. ప్రార్థన ఆగని మందిరం నిలిచింది. నలుగురి చేతుల్లో తిరిగిన గ్రంథం నిలిచింది. రాయబారుల కళ్ళు చెదరగొట్టడానికి కట్టిన నగరం ఒక మనిషి జీవితకాలం కూడా నిలవలేదు. ఒక్క పాలకుని అండన ఉన్న గ్రంథాలయాన్ని మరొక పాలకుడు నశింపజేశాడు. ఈ నష్టాలలో పెద్దవి శత్రువు ద్వారం దాటక పూర్వమే జరిగాయి.

ఖుర్తుబా పోయిందని విచారించేవారు, అది 1236లో పోయిందా, 1010లో పోయిందా, గ్రంథాలను బావిలో వేసి మట్టి కప్పిన నాడే పోయిందా అని తమను తాము ప్రశ్నించుకొనవలసి ఉంది. ఆ రోజున ఖుర్తుబాలో జామె మస్జిద్ నమాజీలతో నిండుగానే ఉండేది. మీనార్‌పైనుంచి అజాన్ వినిపిస్తూనే ఉండేది.